రోగి పక్షాన ఉద్యోగం, యాజమాన్యం చేతిలో జీతం

దేశంలోని చాలా పెద్దాసుపత్రుల్లో మెట్ల కిందో, పాత రికార్డుల గది పక్కనో ఒక చిన్న గది ఉంటుంది. లోపల ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక ఇనుప బీరువా. బయట మాత్రం ఎప్పుడూ జనమే. డయాలసిస్‌కు చేతిలో డబ్బు అయిపోయిన మనిషి భార్య, ప్రసవమై మూడు రోజులైనా పుట్టింటికీ అత్తింటికీ దారిలేని పిల్ల, కొడుకు శవాన్ని ఊరికి చేర్చడానికి బండి దొరకని తండ్రి, వార్డు నుంచి పంపేశారు కానీ ఇంటి చిరునామా గుర్తులేని వృద్ధుడు. వైద్యుడు చేయగలిగింది చేసి పక్కకు తప్పుకున్నాక మిగిలిన సమస్యలన్నీ ఆ గది ముందుకే వస్తాయి. లోపల కూర్చున్న మనిషిని మెడికల్ సోషల్ వర్కర్ అంటారు.

తెలుగులో ఈ మాటను సాంఘిక సేవకుడనో, సమాజ సేవకురాలనో అనువదించడం అలవాటు. ఆ వృత్తికి జరిగిన మొదటి అన్యాయం ఈ అనువాదంలోనే ఉంది. సేవ అన్న మాట అంటుకున్న క్షణం నుంచి జీతం అడగడం అత్యాశ అవుతుంది, అర్హత గురించి మాట్లాడటం అహంకారమవుతుంది, అధికారం కోరడం ఏకంగా అసభ్యమవుతుంది. రెండేళ్ళ స్నాతకోత్తర విద్య, వార్డుల్లో శిక్షణ, ఆ పైన మానసిక వైద్య రంగంలో మరో రెండేళ్ళ చదువు పూర్తి చేసిన మనిషినీ, పండగనాడు రోగులకు పండ్లు పంచిపెట్టి ఫొటో దిగే దాతనూ ఒకే మాటతో పిలిచే సమాజం ఆ ఇద్దరి మధ్య తేడాను ఎలా గుర్తిస్తుంది?

గుర్తించకపోవడం వల్ల జరుగుతున్న నష్టం ఆ వృత్తివారిది మాత్రమే అయితే ఇది ఉద్యోగ సంఘాల వినతిపత్రంతో ముగిసే వ్యవహారం. కానీ నష్టపోతున్నది రోగి. 2021-22 జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం దేశంలో మొత్తం ఆరోగ్య వ్యయంలో 39.4 శాతం ప్రజల జేబుల్లోంచే పోతోంది. 2013-14లో ఇది 64.2 శాతం ఉండేదని, తగ్గించామని ప్రభుత్వం చెప్పుకుంటుంది. తగ్గిన మాట నిజమే అనుకున్నా, వంద రూపాయల్లో దాదాపు నలభై రూపాయలు రోగి కుటుంబమే పెట్టుకునే దేశంలో, జబ్బు ఎంత వైద్య సమస్యో అంత ఆస్తి సమస్య, అప్పు సమస్య, ఆడవాళ్ళ మెడలోని బంగారం సమస్య. ఆ రెండో భాగాన్ని చూసే వృత్తి నిపుణుడు లేకపోతే మొదటి భాగానికి చేసిన వైద్యం కూడా సగంలో ఆగిపోతుంది. క్షయ రోగి మందులు మధ్యలో మానేసేది మందు పనిచేయక కాదు, కూలి పోతుందని. అది తెలిసే కదా కేంద్రం 2018లో క్షయ రోగికి నెలకు 500 రూపాయల పోషకాహార భృతి మొదలుపెట్టింది, 2024 నవంబరు నుంచి దాన్ని 1,000 రూపాయలకు పెంచింది! సామాజిక కారణాలను ప్రభుత్వం అంగీకరిస్తుంది. ఆ కారణాలతో పనిచేసే వృత్తిని మాత్రం అంగీకరించదు.

ఇది ఈనాటి నిర్లక్ష్యం కాదు. 1895లో లండన్ రాయల్ ఫ్రీ ఆసుపత్రి మేరీ స్టీవార్ట్‌ను ఆల్మనర్‌గా నియమించినప్పుడు ఆమెకు అప్పగించిన పనుల్లో ప్రధానమైనది, ఉచిత వైద్యానికి ఎవరు నిజంగా అర్హులో తేల్చడం. అంటే వృత్తి పుట్టుకలోనే ద్వారపాలకత్వం ఉంది. పదేళ్ళ తరువాత, 1905లో, బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో డాక్టర్ రిచర్డ్ కాబట్ మరో దారి పట్టాడు. రోగి ఇల్లు తెలియకుండా రోగం తెలియదన్నది ఆయన అవగాహన. ఆ విభాగాన్ని నిలబెట్టి నడిపింది మాత్రం వైద్యుడు కాదు, ఐడా కానన్. 1918 నాటికి అక్కడి ఆసుపత్రి సోషల్ వర్కర్లు తమకంటూ జాతీయ సంఘాన్ని ఏర్పరచుకున్నారు. వైద్యుడి దయతో మొదలైన పని, సొంత నాయకత్వంతో వృత్తి అయింది.

భారతదేశంలో కథ మొదలు బాగానే ఉంది. 1936లో బొంబాయిలో సర్ దొరాబ్జీ టాటా పేరుమీద సామాజిక సేవా విద్యాలయం ఏర్పడింది. అదే తరువాత టాటా సామాజిక శాస్త్రాల సంస్థ అయింది. 1946లో జె.జె. ఆసుపత్రిలో తొలి మెడికల్ సోషల్ వర్కర్ నియామకం జరిగింది. స్వతంత్ర భారత ఆరోగ్య వ్యవస్థకు పునాది వేసిన భోర్ కమిటీ నివేదిక వెలువడింది కూడా అదే 1946లో. ఆ తరువాత ఏమైంది? నర్సులకు 1947లో చట్టం వచ్చింది. ఔషధ నిపుణులకు 1948లో వచ్చింది. న్యాయవాదులకు 1961లో వచ్చింది. పునరావాస రంగంలోని వృత్తులకు 1992లో వచ్చింది. సోషల్ వర్కర్లకు జాతీయ మండలి కావాలని 1993లో ముసాయిదా బిల్లు తయారైంది. మూడు దశాబ్దాలు దాటినా అది ముసాయిదాగానే మిగిలింది. ఈ మధ్యకాలంలో కేంద్రంలో కాంగ్రెస్ ఉంది, ఐక్య సంఘటన ఉంది, భారతీయ జనతా పార్టీ ఉంది. పేదరోగి పేరు చెప్పి ఓట్లడగని పార్టీ ఒక్కటీ లేదు. పేదరోగి పక్షాన ఆసుపత్రిలో నిలబడే మనిషికి చట్టబద్ధమైన హోదా ఇచ్చిన పార్టీ కూడా ఒక్కటీ లేదు.

ఎందుకు ఇవ్వలేదన్న ప్రశ్నకు అసలు జవాబు ధర్మాసుపత్రుల్లో దొరుకుతుంది. మహారాష్ట్రలో ధర్మాదాయ ట్రస్టుల ఆసుపత్రులు పది శాతం పడకలు నిరుపేదలకు ఉచితంగా, మరో పది శాతం బలహీన వర్గాలకు రాయితీతో కేటాయించాలి. బిల్లుల మొత్తం నుంచి రెండు శాతం తీసి నిరుపేద రోగుల నిధిలో వేయాలి. ఇది బొంబాయి హైకోర్టు ఆమోదించిన పథకం. ఢిల్లీలో చౌకగా ప్రభుత్వ భూమి పొందిన ప్రైవేటు ఆసుపత్రులు ఇన్‌పేషెంట్లలో పది శాతం, ఔట్‌పేషెంట్లలో ఇరవై ఐదు శాతం పేదలకు ఉచిత వైద్యం చేయాలని 2018 జులైలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. రెండు చోట్లా హక్కు రోగిది. మరి ఆ హక్కును అమలు చేయవలసింది ఎవరు? ఆసుపత్రి నియమించి, ఆసుపత్రి జీతమిచ్చి, ఆసుపత్రి తలచుకుంటే రేపు తీసేయగల సోషల్ వర్కర్.

ఆ కుర్చీలో కూర్చున్న మనిషి పరిస్థితి ఊహించుకోవాలి. పడక ఖాళీగా ఉందని తెలుసు. నిధిలో డబ్బుందని తెలుసు. ఎదురుగా ఉన్న కుటుంబం అర్హమైనదని తెలుసు. ఈ నెల ఇక చాలునని పైనుంచి వచ్చిన మాట కూడా తెలుసు. ఆ మాట కాగితం మీద ఉండదు. తెల్లకార్డు మీద పేరులో ఒక అక్షరం తేడా ఉందనీ, ఆదాయ ధ్రువపత్రం పాతదనీ, తహసీల్దారు ముద్ర సరిగా పడలేదనీ కారణాలు వెతకవలసింది ఆ మనిషే. లండన్ ఆల్మనర్ నాటి ద్వారపాలకత్వం నూట ముప్పై ఏళ్ళ తరువాత ముంబయిలోనూ ఢిల్లీలోనూ అలాగే ఉంది. తేడా ఒక్కటే. అప్పుడు ఉచిత వైద్యం దానం, ఇప్పుడు అది చట్టం. దానాన్ని నిరాకరించడం యజమాని ఇష్టం. చట్టాన్ని నిరాకరించమని ఉద్యోగికి చెప్పడం నేరానికి పురమాయించడం.

ఇదే పరిస్థితి వైద్యుడికి ఎదురైతే ఏం జరుగుతుంది? అందరూ ఎదిరించకపోవచ్చు. కానీ ఎదిరించదలచిన వైద్యుడి వెనుక ఒక రిజిస్ట్రేషన్ సంఖ్య ఉంది, నీతి నియమావళి ఉంది, వైద్య మండలి ఉంది, సంఘం ఉంది. యాజమాన్యం ఆదేశం కంటే తన వృత్తి ధర్మం పైదని చెప్పడానికి ఆయనకు ఒక పునాది ఉంది. సోషల్ వర్కర్ కాళ్ళ కింద ఆ నేల లేదు. వృత్తి సమాజం అంటే ఏటా ఒక సదస్సు, ఒక జ్ఞాపిక, ఒక శాలువా కాదు. ‘కాదు’ అని చెప్పగలిగే శక్తి. ఒంటరి ఉద్యోగి చెబితే అది ధిక్కారం, వృత్తి మొత్తం చెబితే అది ప్రమాణం. యాజమాన్యాలకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే ఈ వృత్తికి సొంత నాయకత్వం లేకపోవడం వాటికి ఎన్నడూ లోపంగా తోచలేదు.

ప్రభుత్వాల చిత్తశుద్ధికి రెండు చట్టాలు చాలు సాక్ష్యం. మొదటిది 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. సైకియాట్రిక్ సోషల్ వర్కర్ ఎవరో ఇది స్పష్టంగా నిర్వచించింది. సోషల్ వర్క్‌లో స్నాతకోత్తర పట్టా, ఆ పైన రెండేళ్ళ పూర్తికాల ఎం.ఫిల్. ఉండాలి. రాష్ట్ర ప్రాధికార సంస్థ ఇలాంటి వారి పేర్లను నమోదు చేయాలి. కేంద్ర ప్రాధికార సంస్థలో ఒకరికి చోటివ్వాలి. మంచిదే. ఐదేళ్ళు తిరిగేసరికి, 2022 నవంబరులో, విశ్వవిద్యాలయ నిధుల సంఘం కొత్త నిబంధనలతో ఎం.ఫిల్. పట్టానే ఎత్తేసింది. ఒక చట్టం ఏ పట్టాను ప్రవేశద్వారంగా పెట్టిందో, ఆ పట్టాను మరో సంస్థ మూసేసింది. గగ్గోలు పుట్టాక ఈ కోర్సుకూ, క్లినికల్ సైకాలజీకీ 2025-26 విద్యా సంవత్సరం వరకు వెసులుబాటు ఇచ్చారు. వెసులుబాటు పరిష్కారం కాదు, వాయిదా. ఎం.బి.బి.ఎస్. విషయంలో ఇలాంటి పొరపాటు జరిగి ఉంటే దేశం ఒక్క రోజైనా ఊరుకునేదా?

రెండోది 2021 మార్చిలో పార్లమెంటు ఆమోదించిన అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం. మెడికల్, సైకియాట్రిక్, క్లినికల్ సోషల్ వర్కర్ల పేర్లు మొదటిసారి ఒక కేంద్ర చట్టపు షెడ్యూలులో కనిపించాయి. సంబరపడే ముందు ఆ షెడ్యూలు ఒకసారి చదవాలి. పది వర్గాలలో సోషల్ వర్కర్లను చేర్చిన వర్గంలో పర్యావరణ శాస్త్రవేత్త ఉన్నాడు, కర్మాగార భద్రతా అధికారి ఉన్నాడు, పాదవైద్య నిపుణుడు ఉన్నాడు, నృత్య చికిత్సకుడు ఉన్నాడు. ఎవరి వృత్తీ తక్కువది కాదు. కానీ వీళ్ళందరినీ ఒక గాటన కట్టిన కలానికి ఏ ఒక్కరి పనీ తెలియదని మాత్రం తెలుస్తోంది. దానికి తోడు అమలు. ఆరు నెలల్లో రాష్ట్రాలు మండళ్ళు ఏర్పాటు చేయాలని చట్టం చెప్పింది. మూడేళ్ళు గడిచాక, 2024 ఆగస్టులో, సుప్రీంకోర్టు గడువు పెట్టి మందలించవలసి వచ్చింది. పార్లమెంటు చేసిన చట్టాన్ని పాటించమని ప్రభుత్వాలకు న్యాయస్థానం గుర్తుచేయవలసి రావడం ఈ దేశంలో వింత కాకుండా పోయింది.

ఆ ఆగస్టులోనే కలకత్తాలోని ఆర్.జి. కర్ ఆసుపత్రిలో యువ వైద్యురాలిపై జరిగిన ఘోరంతో దేశం అట్టుడికింది. వైద్య సిబ్బంది భద్రతపై సుప్రీంకోర్టు జాతీయ కార్యదళాన్ని నియమించింది. అందులో పేరున్న వైద్యులున్నారు, పదవీరీత్యా ఉన్నతాధికారులున్నారు. సోషల్ వర్కర్ ఒక్కరూ లేరు. ఆర్.జి. కర్ నేరం వేరు, అత్యవసర విభాగాల్లో బంధువులు వైద్యుల మీద చేసే దాడులు వేరు. కార్యదళం ఈ రెండింటినీ పరిశీలించవలసి ఉండింది. రెండో రకం హింస ఎక్కడ పుడుతుందో ఆసుపత్రుల్లో పనిచేసిన ప్రతి ఒక్కరికీ తెలుసు. మనిషి పోయాడన్న మాటకూ, బిల్లు కట్టండన్న మాటకూ మధ్య మౌనంలో అది పుడుతుంది. ముప్ఫై ఆరు గంటలుగా నిద్రలేని జూనియర్ డాక్టరు చెప్పలేని మాటను, సెక్యూరిటీ గార్డు చెప్పకూడని మాటను, చెప్పడానికి శిక్షణ పొందిన మనిషి ఉంటే చాలా చోట్ల చెయ్యి లేవదు. సి.సి. కెమెరాలు జరిగినదాన్ని నమోదు చేస్తాయి, జరగకుండా ఆపవు. ఆ గదిలో కుర్చీ దక్కని వృత్తి ఏదో తెలిస్తే, దేశం హింసకు మందు ఎక్కడ వెతుకుతోందో కూడా తెలుస్తుంది.

ఎదుటివారి వాదనలు లేకపోలేదు. మొదటిది, ఈ పని ఇప్పటికే జరుగుతోందన్న వాదన. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఆరోగ్యమిత్రలను తెచ్చింది. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ అదే నమూనాను దేశమంతటా పరిచింది. హెచ్.ఐ.వి. కేంద్రాల్లో కౌన్సెలర్లున్నారు. అవయవ మార్పిడి చట్టానికి 2011లో చేసిన సవరణ ప్రకారం సమన్వయకర్త లేనిదే ఆసుపత్రికి అనుమతి లేదు. నిజమే. కానీ ఆరోగ్యమిత్ర పని కార్డు చూడటం, ముందస్తు అనుమతి తెప్పించడం, ఫైలు నడపడం. రోగి ఇంటి పరిస్థితి చూడటం ఆ ఉద్యోగ వివరణలో లేదు. చూసే మనసున్నా తీరికుండదు. ఆ ఉద్యోగం కూడా పొరుగు సేవల పద్ధతిలోనే. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ తమ వేతనాల కోసం తామే రోడ్డెక్కవలసి వచ్చిన వారిని రోగి హక్కులకు కాపలాదారులుగా చూపించడం ఎవరిని మోసం చేయడానికి? బ్రెయిన్‌డెడ్ అయిన కొడుకు గుండె తీసుకోవడానికి అనుమతి ఇమ్మని తల్లిని అడగవలసిన మనిషి మీద నెలకింత అని లక్ష్యం పెడితే అది సమన్వయమా, సేకరణా?

రెండో వాదన ఇంకా బలమైనది, పైగా నిజాయితీ గలది. రిజిస్ట్రేషను, పట్టా, మండలి అంటూ గోడలు కడితే, చదువు లేకపోయినా ఊళ్ళో ప్రతి గడపా తెలిసిన ఆశా కార్యకర్తను బయటికి నెట్టినట్టు కాదా? కేరళలో పాలియేటివ్ కేర్ ఉద్యమం ఇరుగుపొరుగు వాలంటీర్ల చేతులమీద పెరిగింది కదా? ఈ భయాన్ని కొట్టిపారేయడానికి వీల్లేదు. పట్టాల పేరుతో కులమూ వర్గమూ గుమ్మం దగ్గర నిలబడటం ఈ దేశం ఎరిగిన సంగతే. అయితే కేరళ అనుభవమే మరో మాట కూడా చెబుతుంది. అక్కడ వాలంటీర్ల వెనుక శిక్షణ ఉంది, నర్సు ఉంది, పంచాయతీ ఉంది, 2008 నుంచి ప్రభుత్వ విధానం ఉంది. గుర్తింపు లేని చోట ఆశా కార్యకర్తకు ఏం దక్కింది? కార్మికురాలు అన్న పేరు కూడా దక్కలేదు, స్వచ్ఛంద కార్యకర్త అన్నారు. కాబట్టి జవాబు మండలి వద్దనడం కాదు. ఏళ్ళ తరబడి వార్డుల్లో, ఊళ్ళలో పనిచేసినవారు అనుభవంతో మెట్లెక్కి రాగల దారిని ఆ మండలి నియమాల్లోనే రాయడం.

ఇక ఈ వృత్తి నాయకుల మాట. ప్రభుత్వాన్ని నిలదీసిన తరువాత వారిని వదిలేయడం న్యాయం కాదు. సైకియాట్రిక్ సోషల్ వర్కర్లకు 1970 నుంచి సంఘం ఉంది. సోషల్ వర్క్ విద్యాలయాలకు అంతకు ముందునుంచీ సంఘం ఉంది. ఆ తరువాత అఖిల భారత స్థాయిలో మరికొన్ని పుట్టాయి. సంఘాలకు కొదవ లేదు, సంఘశక్తికే కొదవ. నాయకత్వం ప్రధానంగా విశ్వవిద్యాలయ ఆచార్యుల చేతుల్లో ఉండిపోయింది. వారి పాండిత్యాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కానీ రాత్రి రెండు గంటలకు అత్యవసర విభాగంలో ఏం జరుగుతుందో చెప్పవలసింది పాఠం చెప్పేవారు కాదు, అక్కడ ఉన్నవారు. ఒక సంఘం బిల్లు తయారుచేస్తే మరో సంఘం మరో బిల్లు తయారుచేస్తుంది. మంత్రిగారు రెండూ అందుకుని, ఇద్దరితోనూ ఫొటో దిగి, ముందు మీరు ఒక మాట మీదకు రండని పంపేస్తారు. విభజించి పాలించే శ్రమ కూడా ప్రభుత్వానికి మిగల్చని ప్రత్యర్థులు వీరు. కార్పొరేట్ ఆసుపత్రిలో నియమితుడైన సోషల్ వర్కర్‌ను పేషెంట్ రిలేషన్స్ విభాగానికి మార్చి, బకాయిలు వసూలు చేయించిన చోట్ల, ఏ సంఘం వెళ్ళి ప్రశ్నించింది? సభ్యుడి ఉద్యోగం పోతే ఏ సంఘం కోర్టు ఖర్చు భరించింది? ఈ ప్రశ్నలకు సదస్సుల ప్రత్యేక సంచికల్లో జవాబు దొరకదు.

పొరుగున ఉన్న బంగ్లాదేశ్ వైపు చూడటం మన జాతీయ గర్వానికి నచ్చకపోవచ్చు. అక్కడ ఆసుపత్రి సామాజిక సేవ తూర్పు పాకిస్తాన్ కాలంలోనే ఢాకాలో మొదలై, ఈనాటికీ ప్రభుత్వ సాంఘిక సేవల శాఖ కింద నడుస్తోంది. ఆసుపత్రిలో కూర్చునే అధికారి ఆ శాఖ ఉద్యోగి. పేదరోగులకు ఖర్చు పెట్టడానికి రోగి సంక్షేమ సమితి ఉంది. అక్కడంతా సవ్యంగా ఉందని చెప్పడం లేదు. నిధులు చాలవు, సిబ్బంది చాలరు. కానీ ఒక మౌలికమైన విషయంలో వారి ఏర్పాటు మనకంటే మెరుగు. రోగి పక్షాన మాట్లాడవలసిన మనిషికి జీతమిచ్చే చెయ్యి ఆసుపత్రిది కాదు.

చేయవలసింది అందనంత ఎత్తులో ఏమీ లేదు. 2021 చట్టం కింద రాష్ట్ర మండళ్ళలో సోషల్ వర్కర్ల రిజిస్టరు తెరవాలి, అది ప్రజలకు కనిపించాలి. ఎం.ఫిల్. చిక్కుముడిని వాయిదాలతో కాక చట్ట సవరణతో విప్పాలి. చట్టం కింద ఉచిత పడకలున్న ప్రతి ఆసుపత్రిలో సోషల్ వర్కర్‌ను ప్రభుత్వమో, నిరుపేద రోగుల నిధో నియమించాలి. తొలగింపు అధికారం యాజమాన్యానికి ఉండకూడదు. అర్హుడైన రోగిని తిప్పి పంపినప్పుడు కారణం రాసి సంతకం చేయవలసింది యాజమాన్యం కావాలి, సోషల్ వర్కర్ కాదు. ఇక వృత్తి సంఘాలు చేయవలసింది ఒక్కటే. ఒకే వేదిక మీదకు వచ్చి, దాని పగ్గాలు వార్డుల్లో పనిచేసేవారికి అప్పగించాలి. అలాంటి వేదిక రానంతకాలం పై జాబితాలో ఒక్క అంశమూ కదలదు. అడిగేవాడు లేని హక్కును ఏ ప్రభుత్వమూ ఇంటికి తెచ్చివ్వదు.

వచ్చే ఎన్నికల్లోనూ ప్రతి పార్టీ ఆరోగ్య బీమా పరిమితి ఎన్ని లక్షలకు పెంచుతుందో చెబుతుంది. ఐదు లక్షలా, పదిహేను లక్షలా, పాతిక లక్షలా అన్న వేలంపాట సాగుతుంది. ఆ కార్డు పట్టుకుని ఆసుపత్రి గుమ్మంలో నిలబడిన మనిషికి, ఇది నీ హక్కు, ఈ పడక నీదని చెప్పగల ఉద్యోగి లోపల ఉన్నాడా, చెప్పాక అతని ఉద్యోగం మిగులుతుందా అన్న ప్రశ్న ఏ ఎన్నికల ప్రణాళికలోనూ ఉండదు. మెట్ల కింది గది ముందు వరుస మాత్రం అలాగే ఉంటుంది.